సముద్రం తప్ప బందరంతా

"సరోజినీ! మీ నాన్నగారితో చెప్పు, కాఫీ చల్లారిపోతోందని."

పట్టాభిరామయ్య అక్కడికి రెండడుగుల దూరంలో, అరుగు మీద పడక్కుర్చీలోనే ఉన్నాడు. చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. అయినా సరోజిని లేచి వచ్చి, "నాన్నగారూ, కాఫీ చల్లారిపోతోందట," అంది.

"తాగుతానని చెప్పు మీ అమ్మతో."

"తాగుతారటమ్మా."

"ఆ తాగేదేదో వేడిగా ఉన్నప్పుడే తాగమను. పాలు అయిపోయాయి, మళ్ళీ కాచేది లేదు."

ఈ రాయబారం పొద్దుట్నించీ నడుస్తోంది. "రేపు తెల్లవారు బండికి గుడివాడ వెళ్ళిపోతున్నాం" అని పట్టాభిరామయ్య పళ్ళెం ముందు కూర్చుని చల్లగా చెప్పాడు. రేపు వైశాఖ పున్నమి. శేషారత్నం చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆవిడ మొగుడితో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.

మాట్లాడదు మరి! సెలవులకి బందరు వచ్చి నాలుగు రోజులైంది. వచ్చింది దేనికి? సముద్రం చూడ్డానికి. దిగిన రోజునే ఆవిడ "పదండి" అంటే ఆయన చూపుడువేలు ఎత్తాడు. "పర్వం కాని రోజున సముద్రాన్ని ముట్టకూడదు. శాస్త్రం. పున్నమి రానీ."

శాస్త్రమంటే శేషారత్నం ఎదురు చెప్పే మనిషి కాదు. "ముట్టుకోను లెండి, దూరం నుంచి చూసొద్దాం," అంది.

"చూశాక ముట్టకుండా ఉండగలవా?" అన్నాడాయన. అదీ నిజమేననిపించి ఊరుకుంది.

ముప్పై ఒక్కేళ్ళు జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి ఊరికే కూర్చోలేడు కదా. నోటు పుస్తకంలో టైంటేబులు రాసి భార్యనీ కూతుర్నీ బందరంతా తిప్పాడు. పెడన తీసుకెళ్ళి అద్దకం గుడ్డలు చూపించాడు. చిలకలపూడి తీసుకెళ్ళి గిల్టు నగలు చూపించాడు. డచ్చివాళ్ళ గోరీల దగ్గర ఎర్రటి ఎండలో నిలబెట్టి, వాళ్ళు ఏ దేశం నుంచి ఏ దారిన ఓడలెక్కి వచ్చారో గంటసేపు చెప్పాడు. లడ్డూ తినిపించాడు, హల్వా తినిపించాడు. చివరికి రేవు కాలవ గట్టు మీద నిలబెట్టి, "ఇది సముద్రపు నీరే. కాస్త లోపలికి వచ్చిందంతే," అన్నాడు. చెప్పొద్దూ, సముద్రం తప్ప బందరంతా చూశారు.

అంత ఓపిక పట్టిన మనిషికి పున్నమి రేపనగా రైలెక్కమంటే కోపం రాదూ?

"ఊళ్ళో స్కూలు కమిటీ ఉంది. నేను లేకపోతే జరగదు," అని పట్టాభిరామయ్య ఎవరూ అడక్కుండానే మరోసారి చెప్పి, హోల్డాలు పట్టీలు బిగించసాగాడు. ప్రయాణం రేపు తెల్లవారుజామున. ఇప్పుడు మధ్యాహ్నం మూడైనా కాలేదు.

"నాన్నగారూ, రాత్రికి పడుకునే పక్కలు కూడా కట్టేశారు," అంది సరోజిని.

ఆయన పట్టీలు విప్పలేదు.

* * *

వాళ్ళు దిగింది దయానందం ఇంటి ఆవరణలో, వెనక వైపు రెండు గదుల వాటాలో. దయానందం ఒకప్పుడు గుడివాడలో పట్టాభిరామయ్య శిష్యుడు. ఇప్పుడు తనూ బందరులో మాస్టరు. అతని భార్య సంతోషమ్మ మిషనాసుపత్రిలో నర్సు. ఎవరి పొయ్యి వాళ్ళదే, ఎవరి వంట వాళ్ళదే. మాటలకి మాత్రం గోడ లేదు.

ఆ మధ్యాహ్నం సంతోషమ్మ తట్ట నిండా తాటిముంజెలు పట్టుకుని వచ్చేసరికి, శేషారత్నం పెరట్లో ఆరిన చీరల్ని మడత పెడుతోంది. మడత అంటే మడత కాదు, చీరల్ని కొడుతోంది.

"ఏంటి వదినగారూ, అప్పుడే మూటలు కడుతున్నారు? రేపు స్నానానికి వెళ్ళాలన్నారుగా?"

"స్నానమూ లేదు, పానమూ లేదమ్మా. మా ఆయనకి కమిటీ ఉందట."

"కమిటీనా? మండే ఎండల్లోనా?"

శేషారత్నం చీర పక్కన పడేసి మెట్టు మీద కూర్చుంది. సంతోషమ్మ ఇచ్చిన ముంజెని బొటనవేలితో పొడిచి తాగింది. నీళ్ళు ముంజెలోవి కొన్ని, కళ్ళలోవి కొన్ని.

"నాది నూజివీడు. మావిడి తోపుల్లో పుట్టాను. పెళ్ళి కుదిరినప్పుడు మా అమ్మ అంది, 'నీ అదృష్టమే అదృష్టం, అత్తారింటికి సముద్రం ఇరవై మైళ్ళేనటే' అని. ఆ ఇరవై మైళ్ళు రావడానికి ముప్పై ఎనిమిదేళ్ళు చాల్లేదు నాకు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా..."

"ఏటా మాఘ పున్నమికి హంసలదీవి జనం బళ్ళు కట్టుకుని పోతుంటే వీధిలో నిలబడి చూసేదాన్ని. ఓ ఏడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. ఓ ఏడు సరోజినికి తట్టు. ఓ ఏడు బండి ఇరుసు విరిగింది. ఇంకో ఏడు ఏదీ దొరక్క నడుం నొప్పి అన్నారు. ఆ సాయంత్రమే నూతిలో బొక్కెన పడితే వంగి తీశారు."

సంతోషమ్మకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "పోనీలెండి వదినగారూ. సముద్రం ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడైనా..."

"సముద్రం ఎక్కడికీ పోదమ్మా. నేనే పోతాను."

నొప్పి ఎక్కడో తెలుసుకోకుండా పట్టీ వెయ్యడం సంతోషమ్మకి అలవాటు లేదు. నొప్పి ఇక్కడ కాదు, ముందు అరుగు మీద ఉందనిపించింది. తట్ట అక్కడే వదిలేసి లేచింది.

* * *

"మాస్టారండీ, ఒక్క మాట అడగనా?"

పట్టాభిరామయ్య హోల్డాలు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పక్కన దయానందం పేపరు చదువుతున్నాడు.

"అడుగమ్మా."

"మీ కమిటీ ఎన్నింటికండీ?"

"పదింటికి. అంటే... పదకొండింటికి."

దయానందం పేపరు దించాడు. పాపం, అతనికి భార్య ఎందుకు అడుగుతోందో తెలియదు. "స్కూలుకి తాళం కదండీ మాస్టారూ? తాళంచెవి తీసుకుని గుమస్తా అన్నవరం వెళ్ళాడని మొన్న మీరే చెప్పారు."

"గుమస్తా లేకపోతే కమిటీ జరక్కూడదా?"

"మీరు లేకపోతే కూడా జరగొచ్చు కదండీ," అంది సంతోషమ్మ.

"పైగా ఎండ. పైగా సంకల్పం చెప్పేవాళ్ళు దొరకాలి."

"మీకు రాదాండీ సంకల్పం?"

పట్టాభిరామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. దయానందానికి మాత్రం మనసు ఎక్కడికో పోయింది. గురువుగారు పక్కన కూర్చుంటే శిష్యుడికి పాత క్లాసు గుర్తురాదా మరి!

"మాస్టారూ, మీరు సముద్రం పాఠం చెప్పిన రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుందండీ. నీలం సుద్దముక్క తీసుకుని బోర్డు ఈ చివర్నుంచి ఆ చివరికి కెరటాలు గీశారు. వెనక బెంచీ వాళ్ళం కాళ్ళు పైకి పెట్టుకున్నాం, తడుస్తాయని! అవునూ, మీరు మొదటిసారి సముద్రం ఎక్కడ చూశారండీ? ఇక్కడా, మద్రాసులోనా?"

గుమ్మం దగ్గర సరోజిని చదువుతున్న పుస్తకం మూసింది.

"చూళ్ళేదోయ్," అన్నాడు పట్టాభిరామయ్య.

"ఆఁ?"

"చూళ్ళేదయ్యా. ఇక్కడా చూళ్ళేదు, మద్రాసులోనూ చూళ్ళేదు."

దయానందం పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. గురువని భక్తి ఉంది గానీ నవ్వు దారి నవ్వుదే. "ముప్పై ఒక్కేళ్ళు చెప్పారు కదండీ!"

"హిమాలయాలు కూడా చెప్పాను. ఎక్కి వచ్చానా?"

ఇక సరోజిని కూడా ఆగలేకపోయింది. సంతోషమ్మ ఒక్కతే నవ్వలేదు. ఎదురుగా కూర్చుని, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నంత నిదానంగా అడిగింది. "ఎందుకు చూళ్ళేదండీ?"

ఆయన హోల్డాలు పట్టీని లాగుతూ, వదుల్తూ చెప్పాడు.

"మా బామ్మ పుట్టిల్లు ఈ బందరేనమ్మా. ఉప్పెన వచ్చిననాటికి ఆవిడకి పదేళ్ళు. తాటిచెట్టు మట్టలు పట్టుకుని తెల్లారేదాకా వేలాడిందిట. దిగేసరికి అమ్మ లేదు, నాన్న లేడు, నలుగురు అన్నదమ్ముల్లో ఒక్కడూ మిగల్లేదు. నాకు ఏడేళ్ళప్పుడు నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. 'దానికి మనింటి రుచి మరిగిందిరా పట్టాభీ. దాని మొహం చూడనని ఒట్టెయ్యి' అంది. వేశాను."

నవ్వులు ఆగిపోయాయి.

"ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందండీ?" అంది సంతోషమ్మ.

"పాతికేళ్ళు. పోతే మాత్రం, మాట మాటే కదమ్మా. అయినా నా గొడవ కాదు. నేను చూడకపోతే ఏం పోయింది, మ్యాపు ఉంది. కానీ రత్నం ఆ నీళ్ళలో దిగి, నా కళ్ళ ముందు..."

వెనక ఏదో చప్పుడైతే అందరూ తిరిగారు. గుమ్మంలో శేషారత్నం నిలబడి ఉంది. చేతిలో ముంజెల తట్ట ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో ఎవరికీ తెలియదు.

ఆవిడ ఏడుస్తుందనుకుంది సరోజిని. ఏడవలేదు. తట్ట ఠపీమని కింద పెట్టింది.

"ముప్పై ఎనిమిదేళ్ళు! ఇన్‌స్పెక్టరన్నారు, ఇరుసన్నారు, తట్టన్నారు! ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు, 'నాకు భయమే రత్నం' అని చెప్పడానికి మీకు నోరు రాలేదా?"

"జాగ్రఫీ మాస్టరు సముద్రమంటే భయమని ఎట్లా చెప్పుకుంటాడే!"

శేషారత్నం పెదవులు వంకర తిరిగాయి. అంతే, గుమ్మానికి ఆనుకుని పకపకా నవ్వేసింది. దయానందం అందుకున్నాడు. పట్టాభిరామయ్య ఒక్కడే ఏం చెయ్యాలో తెలియక అందరి మొహాలూ చూశాడు. తన పని తీరిపోయిందని సరోజిని ఆనందంగా ముంజె తీసుకుంది. అమ్మానాన్నా నేరుగా మాట్లాడుకుంటున్నారు.

నవ్వు తగ్గాక శేషారత్నం మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒట్టు ఎవరిది? మీదా, నాదా?"

"నాదే."

"ఏమని వేశారు?"

"దాని మొహం చూడనని."

"అయితే చూడకండి. నాతో రండి. ఒడ్డున అటు తిరిగి కూర్చోండి. నేను మునిగి వచ్చేస్తాను."

"మునిగితే..."

"సంతోషమ్మ చెయ్యి పట్టుకునే దిగుతాను. నర్సమ్మ పట్టు వదలదు. అంతకీ మీరు రానంటే నేనొక్కదాన్నే పోతాను. ఇంతకాలం మీ మాట విన్నాను. మీ బామ్మ మాట నేను వినక్కర్లేదు."

పట్టాభిరామయ్య ఆవిడ వంక చూశాడు. ఆవిడ హాస్యానికి అనడం లేదు. ఆయన వంగి, హోల్డాలు పట్టీలు ఒక్కొక్కటే విప్పాడు.

* * *

తెల్లవారు బండికని మాట్లాడిన జట్కా మంగినపూడి సముద్రతీరం దారి పట్టింది. జట్కా తోలే చిన్నబాబు, "స్టేషను ఇటు కాదండీ," అని రెండుసార్లు చెప్పి చూశాడు. దయానందం తన సైకిలు మీద వెనక వచ్చాడు.

ఇసక దారి మొదలయ్యేసరికి గుర్రం మొరాయించింది. అందరూ దిగి నడిచారు. తాటిచెట్ల మధ్య నుంచి ఉప్పుగాలి కొడుతోంది, హోరు వినిపిస్తోంది. పట్టాభిరామయ్య గొడుగు విప్పి హోరు వచ్చే వైపుకి వాల్చుకుని, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని నడిచాడు. "ఎడమ పక్కకి నాన్నగారూ... ఇటు, ఇటు," అంటూ సరోజిని ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించింది. పున్నమి స్నానాలకు వచ్చిన పల్లెటూరి ఆడవాళ్ళు ఆయన్ని చూసి ముసిముసిగా నవ్వుకున్నారు.

ఒడ్డు చేరాక, ఆయన తాటితోపు వైపు మొహం పెట్టి ఇసకలో చతికిలబడ్డాడు. వీపు సముద్రం వైపు. వీపు మీదికి గొడుగు. అటు పడమట తాటిచెట్లు, ఒక మేక. సంకల్పం మాత్రం గొంతెత్తి, అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

శేషారత్నం సముద్రానికి పసుపూ కుంకుమా వేసింది. దణ్ణం పెట్టింది. సంతోషమ్మ చెయ్యి పట్టుకుని ముందుకి నడిచింది.

"ఏమైంది? ఏమైందే సరోజినీ?"

"ఏం కాలేదు నాన్నగారూ. అమ్మ మడమలు తడిశాయి."

"నీళ్ళు ముందుకొస్తున్నాయా, వెనక్కి పోతున్నాయా? ఆటా, పోటా?"

"రెండూనండీ. వస్తున్నాయి, పోతున్నాయి."

"అట్లా ఉండదే! ఏదో ఒకటి ఉంటుంది. సరిగ్గా చూడు!"

"వచ్చి మీరే చూడండి మాస్టారూ," అన్నాడు దయానందం పంచె ఎగ్గట్టుకుంటూ.

"నోర్ముయ్యవోయ్. రంగు ఎట్లా ఉంది? నీలమేనా?"

సరోజిని కాస్త తటపటాయించింది. "నీలం కాదు నాన్నగారూ. మట్టిరంగు. మన కాలవకి కొత్తనీరు వచ్చినప్పుడు ఉంటుందే, అట్లా ఉంది."

"నీలం కాదా?" పట్టాభిరామయ్య గొడుగు కదిలింది. "బాగా చూశావా? లోపలికి చూడు, దూరంగా చూడు!"

"దూరంగా కాస్త ఆకుపచ్చ. నీలం ఎక్కడా లేదండీ."

"ముప్పై ఒక్కేళ్ళు నీలం సుద్దముక్కతో గీశానే!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. పాపం, ఆ క్షణాన ఆయనకి బామ్మ కంటే ఆ సుద్దముక్కే ఎక్కువ బాధ కలిగించింది.

"ఇప్పుడు అమ్మ మోకాళ్ళ దాకా వెళ్ళింది," అంది సరోజిని. "ఇంకో కెరటం వస్తోంది. పెద్దదే. సంతోషమ్మగారు గట్టిగా పట్టుకున్నారు. వచ్చేస్తోంది, వచ్చేస్తోంది... అయ్యో!"

"ఏమైంది?"

వెనక నుంచి కేక వినిపించింది. కేక వెంట నవ్వు. పెద్ద నవ్వు. చిన్నపిల్ల ఉయ్యాల మీంచి నవ్వినట్టు, ఆపుకోకుండా, ఊపిరి అందకుండా నవ్వు.

"ఎవరే ఆ నవ్వేది? ఎవరి పిల్ల?"

"పిల్ల కాదు నాన్నగారూ. అమ్మ!"

ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాడు. రత్నం నవ్వు తనకి తెలుసనుకున్నాడు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వే ఆయనకి తెలుసు. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది? తను ఏ వంకలు చెప్పి దీన్ని ఆపేశాడు?

"బామ్మా, నన్నేం చేస్తావో చేసుకో," అని పైకే అని, పట్టాభిరామయ్య తిరిగాడు.

ముందు రత్నాన్ని చూశాడు. నిలువునా తడిసి, జుట్టుముడి ఊడిపోయి, బొట్టు చెదిరి, రెండు చేతులూ చాపి నవ్వుతోంది. ఆ తర్వాత ఆవిడ వెనక ఉన్నదాన్ని చూశాడు. ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. ఎటు చూసినా అయిపోవడం లేదు.

"ఇంత ఉందేమిటే!" అన్నాడు. "ఇంత ఉంటుందని నాకెవరూ చెప్పలేదే!"

"ఇంత ఉంటుందని మాకు చెప్పింది మీరేగా!" అన్నాడు దయానందం. కానీ ఆయన అప్పటికే వినడం లేదు. గొడుగు పట్టుకునే లేచాడు. చెప్పులు విడవడం కూడా మర్చిపోయి నీళ్ళలోకి నడిచాడు. మొదటి నీళ్ళు పాదాలకి తగలగానే నిలబడిపోయాడు. కాళ్ళ కింద ఇసక జారుతోంది. మొహం తెల్లబోయింది.

శేషారత్నం నవ్వు ఆపింది. సంతోషమ్మ చెయ్యి వదిలి, నీళ్ళని తోసుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన చేతిలో గొడుగు తీసి సంతోషమ్మకిచ్చింది. ఆయన కండువా చివర పట్టుకుని తన తడి చెంగుకి ముడివేసింది. ఒక ముడి చాలలేదు కాబోలు, రెండోదీ వేసి బిగించింది. ఆయన ఎర్రబడిన కళ్ళతో ముడి వంకే చూస్తున్నాడు.

"భయమేస్తోందా?" అంది.

"వేస్తోందే రత్నం," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఈసారి ఏ వంకా అక్కర్లేకపోయింది.

"నాకూ వేస్తోందండీ. ఇందాకట్నించీ వేస్తోంది." ఆవిడ ఆయన చేతివేళ్ళలో వేళ్ళు దూర్చి పట్టుకుంది. ఎదర నడుమెత్తున ఇంకో కెరటం లేస్తోంది. "పదండి. ఇంకో నాలుగడుగులు."